ముడి వేసిన దుప్పట్లు

ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతికాను. నా చేతులు చూస్తే ఎవరైనా ఆ మాట నమ్ముతారు. వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. ఆ మధ్య గుర్తింపు కార్డు కోసం వేలిముద్ర వేయమంటే యంత్రం నన్ను ఒప్పుకోలేదు. "మీరు లేరంటోందండీ" అన్నాడు గుమాస్తా. "నాకూ అప్పుడప్పుడు ఆ అనుమానం వస్తుంటుంది నాయనా" అన్నాను.

లాండ్రీ సంగతి ముందెందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తప్పు పుట్టింది అక్కడే.

మా లాండ్రీ ఆసుపత్రి అడుగున, నేలమాళిగలో ఉండేది. పొద్దున ఆరింటికల్లా పై వార్డుల నుంచి మూటల ట్రాలీలు దిగేవి. మా మేస్త్రమ్మ నల్లబోర్డు పక్కన సుద్దముక్కతో నిలబడి, ఒక్కో దుప్పటి తొట్టిలో పడుతుంటే ఒక్కో గీత గీసేది. కాన్పుల వార్డు మూటల్లో ఎప్పుడైనా ఒక దుప్పటికి మూల ముడి వేసి ఉండేది. ఆ మంచం మీది తల్లి ఉత్త చేతులతో లేచిందని దానర్థం. ముడి పైనున్న ఆయాలు వేసేవారు. ఎప్పుడు మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో మాలో ఎవరికీ తెలియదు. ముడి ఉన్నదాన్ని యంత్రంలో వేసేవాళ్ళం కాదు. కాస్త వయసు మళ్ళినదెవరో విడిగా తీసుకుని, చన్నీళ్ళలో చేత్తో ఉతికేది. వేడినీళ్ళు తగిలితే ఆ మరక ఇక వదలదు. ఆమె ఉతుకుతున్నంతసేపూ పక్కవాళ్ళం నోరు మెదిపేవాళ్ళం కాదు.

ఆ దుప్పటికి బోర్డు మీద గీత పడేది కాదు. "దానికి గీశారంటే బోర్డు ఇంకోటి అడుగుతుంది" అనేది మేస్త్రమ్మ. అందుకని సాయంత్రం మడతలు చూస్తే గీతలకన్నా ఒకటో రెండో దుప్పట్లు ఎక్కువ తేలేవి. "మీ లాండ్రీలో దుప్పట్లు పిల్లల్ని పెడుతున్నాయా ఏంటి" అని స్టోరు గుమాస్తా విసుక్కునేవాడు. పాపం అతనికి తెలియదు. మేమెవ్వరమూ నవ్వేవాళ్ళం కాదు.

నా కూతురు పోయాక దాని పిల్లలిద్దర్నీ నేనే పెంచాను. పెద్దది చిన్నప్పుడు ఇంట్లో గడియారాలన్నీ విప్పి పారేసేది, అందుకని గడుగ్గాయి అని పిలిచేదాన్ని. ఇప్పుడు ముప్పై దాటినా అదే పేరు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని దానిది. దాని మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందకీ తిరగడం వల్లనో ఏమో, ఇంటికొచ్చాక ఉలుకూ పలుకూ ఉండదు. మంచివాడు. చిన్నది కూడా పెళ్ళయిందే, బడి బస్సు నడుపుతుంది. నలభై మంది పిల్లల్ని అద్దంలోంచే అదుపులో పెడుతుంది.

గడుగ్గాయికి మొదటిసారి నెల తప్పి ఏడు వారాలు నిండకుండానే పోయింది. ఇంట్లోనే పోయింది, డాక్టరు దాకా వెళ్ళలేదు. ఆ దుప్పటి నేనే తీశాను. తీస్తూ తీస్తూ, అలవాటు చొప్పున మూల ముడి వేశాను. అది గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "ఇది లెక్కలోకి రాదే తల్లీ, మర్చిపో" అన్నాను వీపు నిమురుతూ. ఓదార్పు కోసమే అన్నాను. కానీ అన్నమాట నాలోనే నిలిచిపోయింది. రెండోది నాలుగో నెలలో పోయింది. మూడోది అయిదో నెలలో.

నాలుగోసారి నెల తప్పినప్పుడు పేరు రాయించడానికి ఇద్దరం క్లినిక్కుకు వెళ్ళాం. అక్కడి నర్సు నిదానమైన మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి రాసుకుంటుంది. గడుగ్గాయి చేతికి సీసా ఇచ్చి బాత్రూముకు పంపింది. అది అటు వెళ్ళగానే నా వైపు తిరిగింది.

"ఇంతకుముందు ఎన్ని పోయాయి మామ్మగారూ?"

"రెండు" అన్నాను.

అబద్ధం ఆడాలని కాదు. నా నోట్లోంచి మూడు అనే మాట రాలేదు, అంతే. మేస్త్రమ్మ నా వెనకాలే నిలబడి సుద్దముక్క దాచిపెట్టుకున్నట్టు అనిపించింది. నర్సు ముందున్న కాగితం మీది గడిలో రెండని వేసింది. గడుగ్గాయి వచ్చి, చూపించిన చోట సంతకం పెట్టింది. ఆ గడి దాని కంట పడలేదు.

ఏడో నెలలో ఒక మంగళవారం పొద్దున, అద్దం బిగిస్తూ బిగిస్తూ చెయ్యి ఆపిందట. బిడ్డ కదలడం లేదని. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆడపిల్ల. వారం తిరగకుండా గడుగ్గాయి ఎడమకాలు సొరకాయలా వాచి నల్లబడింది. అప్పుడు తీశారు రక్తం.

డాక్టరు నాకు అర్థమయ్యేట్టే చెప్పాడు. మన ఒంట్లో మనల్ని కాయాల్సిన సైన్యమే మన మీద తిరగబడుతుందట. రక్తం ఊరికే గడ్డకడుతుందట. గడ్డలు మాయలో పడితే బిడ్డకు తిండి అందదు, కాల్లో పడితే కాలు, ఊపిరితిత్తుల్లో పడితే మనిషి. ముందుగా తెలిసి ఉంటే రోజూ ఒక చిన్న మాత్ర, పొట్టమీద ఒక చిన్న సూది. అలా చేస్తే ఎక్కువమందికి బిడ్డ దక్కుతుందట.

"మరి ముందుగా ఎందుకు చూడలేదు?" అంది గడుగ్గాయి.

"నిబంధన ఉందమ్మా. వరసగా మూడు పోతేనే ఈ పరీక్షకు చీటీ రాయాలి. చీటీ లేనిదే ఏ ల్యాబూ రక్తం తీయదు."

"నాకు మూడు పోయాయిగా."

డాక్టరు ఫైలు తిరగేశాడు. తిరగేసి మూసేశాడు. నేను కిటికీలోంచి బయట కారు తుడుచుకుంటున్న మనిషిని చూస్తూ కూర్చున్నాను. ఆ కారు రంగు ఇప్పటికీ చెప్పగలను.

ఇంకోసారి కడుపు వస్తే ప్రాణానికే ముప్పని దానికి చెప్పేశారు. ఆ తర్వాత నాలుగు నెలలు అది మాట్లాడింది లెక్కపెట్టి చెప్పొచ్చు. అప్పుడే చిన్నదానికీ ఒకటి పోయింది, నాలుగో నెలలో. ఆ వెంటనే చిన్నదానికి మళ్ళీ నెల తప్పింది. దాంతో గడుగ్గాయి మంచం దిగింది. "నాకు జరిగింది దీనికి జరగనివ్వను" అంది. అక్కకు జబ్బుంటే చెల్లికి పరీక్ష చేయాలని నిబంధనలో లేదు. మూడు పోవాల్సిందే.

అప్పుడే తెలిసింది, శాసనసభలో ఒకావిడ దీని గురించి బిల్లు పెట్టిందని. ఒకప్పుడు మందుల షాపు నడిపిన మనిషి, ఎన్నికై సభకు వెళ్ళింది. కడుపుతో ఉన్న ప్రతి ఆడదానికీ మొదటి నెలల్లోనే ఈ రక్తపరీక్ష మామూలుగా చేసెయ్యాలని ఆ బిల్లు. పోయినవి లెక్కపెట్టే పనే లేదు. గడుగ్గాయి ఆవిడకు ఉత్తరం రాసింది. ఆవిడ కబురు పంపింది. కమిటీ ముందుకు వచ్చి మాట్లాడాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అక్కడ గట్టెక్కితే వచ్చే నెల నుంచే అమల్లోకి వస్తుంది. అప్పటికి చిన్నదానికి మూడో నెల. బిల్లు వచ్చాకే క్లినిక్కులో పేరు రాయిద్దామని ఆగాం.

వంటింట్లో వారం రోజులు తాలీం జరిగింది. గడుగ్గాయి కాగితం పట్టుకుని నిలబడేది. చిన్నది గడియారం చూసేది. నేను కమిటీ అధ్యక్షుణ్ణి, గరిటె పట్టుకుని స్టూలు మీద.

"గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం" అనేది గడుగ్గాయి.

"గౌరవం తర్వాత, ముందు విషయానికి రా" అనేదాన్ని గరిటె కొట్టి.

"అమ్మమ్మా, అధ్యక్షుడు అలా అనడు."

"అనకపోతే వాడేం అధ్యక్షుడే."

గడుగ్గాయి మొగుడు కూడా నవ్వాడు ఒకరోజు. ఆ నవ్వుల మధ్యే అది ప్రతిసారీ చదివేది: "నాకు మూడు పోయాయి. మూడు పోయినా ఎవరూ పరీక్ష చేయలేదు." ఆ ముక్క వచ్చినప్పుడల్లా నేను స్టవ్ మీద గిన్నె చూడ్డానికి లేచేదాన్ని. ఏ రాత్రికారాత్రి, రేపు పొద్దున చెప్పేస్తాననుకునేదాన్ని. పొద్దున అది కాగితం పట్టుకుని అంత నిటారుగా నిలబడితే నోరు పెగిలేది కాదు.

కమిటీ గది మా లాండ్రీలో సగం ఉంటుంది. పొడుగాటి బల్ల, ఏడుగురు సభ్యులు, ఒక్కొక్కరి ముందు మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. మాట్లాడేవాళ్ళ ముందు చిన్న దీపం. ఆకుపచ్చగా ఉంటే మాట్లాడొచ్చు, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే అయిపోయినట్టే. మా వెనక వరసలో నర్సు కూర్చుంది. బిల్లుకు మద్దతుగా సెలవు పెట్టి వచ్చిందట. నన్ను చూసి పలకరింపుగా తలూపింది. నేను కొంగు సర్దుకుని ముందుకు తిరిగాను.

గడుగ్గాయి బాగా చదివింది. ఎక్కడా తొట్రుపడలేదు. పసుపు వచ్చేసరికి ముగించి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి కూర్చోబోతుంటే, బల్ల చివరున్న సభ్యుడు ఆగమన్నాడు. ఆయన పెద్ద వయసు డాక్టరే, ఇప్పుడు సభలో ఉన్నాడు. చెడ్డవాడని నేను అనను. ఈ పరీక్ష ఏ జబ్బూ లేనివాళ్ళకు కూడా ఉన్నట్టు చూపిస్తుందని, అందరికీ చేస్తే వేలమంది అనవసరంగా హడలి సూదులు పొడిపించుకుంటారని ఆయన భయం. అందులోనూ నిజం లేకపోలేదు.

"అమ్మా, మీ బాధ నాకర్థమైంది" అన్నాడాయన. "మీరు మూడంటున్నారు. ఆసుపత్రి ఫైల్లో రెండని ఉంది."

"మూడండీ. ఫైలు తప్పు."

"అంటే నిబంధన మిమ్మల్ని కాపాడేదే. రాసినవాళ్ళు సరిగ్గా రాసి ఉంటే పరీక్ష జరిగేది. అప్పుడిక మనకు కావాల్సింది కొత్త చట్టం కాదు, శ్రద్ధగా రాసే నర్సు."

గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. అధ్యక్షుడు పెన్ను తీశాడు. "ఆ నర్సు ఎవరో కనుక్కోండి. విచారణకు రాద్దాం."

వెనకనుంచి నర్సు గొంతు వినపడింది, గాలి కన్నా మెల్లగా. "నేను విన్నదే రాశాను."

గడుగ్గాయి వెనక్కి తిరిగి ఆమెవైపు చూసింది. అది చూసిన చూపు నేనెప్పుడూ ఎరగను. ఆ చూపు నా మీద పడాల్సింది. నేను లేచి నిలబడ్డాను. పేరు నమోదు కానివాళ్ళు మాట్లాడకూడదని ఎవరో అన్నారు. మందుల షాపావిడ తన నిమిషాలు నాకిచ్చింది. దీపం పచ్చగా వెలిగింది.

"ఆవిడ తప్పేం లేదండీ" అన్నాను. "రెండని చెప్పింది నేను. దీని అమ్మమ్మని."

గడుగ్గాయి వైపు చూడకుండా చెప్పుకుపోయాను. దుప్పట్ల సంగతి, ముడి సంగతి, బోర్డు మీద గీత పడకపోవడం. వాళ్ళకు ఏం అర్థమైందో తెలియదు. ఒకాయన గ్లాసు మూత తీసి మళ్ళీ పెట్టాడు. లాండ్రీ గురించి అంతసేపు చెప్పకుండా ఉండాల్సింది. పాడు జ్ఞాపకం, ఒకటి లాగితే పది వస్తాయి. మేస్త్రమ్మ మాట దగ్గరికి వచ్చేసరికి పసుపు వెలిగింది. అప్పుడు గుర్తొచ్చింది, అసలు చెప్పాల్సింది ఇంకోటి ఉందని.

"తప్పు నాదే అయ్యా, ఒప్పుకుంటున్నాను. నేను సరిగ్గా చెప్పి ఉంటే నాలుగో బిడ్డ బతికేదేమో. కానీ మొదటి మూడూ ఏం పాపం చేశాయి? మూడు పోయేదాకా మీరెందుకు..."

ఎరుపు వెలిగింది.

"సమయం అయిపోయిందమ్మా" అన్నాడు అధ్యక్షుడు. మర్యాదగానే అన్నాడు. గరిటె ఏమీ కొట్టలేదు.

ముసలి డాక్టరు నా వైపు చూసి తలవంచాడు, దండం పెట్టినట్టు. పెట్టి, మిగతావాళ్ళతో అన్నాడు: "ఈ పెద్దావిడ నిజాయితీకి నమస్కారం. నేనన్నదీ ఇదే. లోపం నిబంధనలో లేదు, సమాచారంలో ఉంది." చేతులెత్తించారు. అటు నలుగురు, ఇటు ముగ్గురు. బిల్లు పక్కన పెట్టారు. ఈ సభ గడువు ఇంకో నెలే ఉందట. పక్కన పెట్టడమంటే ఇక లేనట్టేనని మందుల షాపావిడ బయటికొచ్చి చెప్పింది. కొత్త సభ వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టాలి, అప్పటికి తనుంటే. చెప్పి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ తట్టడంలో కోపం ఉందో జాలి ఉందో తెలియలేదు.

వరండాలో గడుగ్గాయి గోడకానుకుని నిలబడింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది.

"భయమేసిందే."

"దేనికి?"

"నువ్విలా చూస్తావని."

చెయ్యి అందించాను. పట్టుకోలేదు. మెట్లు ఒక్కతే దిగింది, ఒక్కో మెట్టుమీద రెండు కాళ్ళూ ఆనించి. బస్సులో ముగ్గురం ఒకే సీటులో, చిన్నది మధ్యన. దానికి వేవిళ్ళు, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక గడుగ్గాయి కిటికీతో మాట్లాడినట్టు అంది, "ఇన్నాళ్ళు చెప్పనిదానివి, ఇవాళ మాత్రం చెప్పకుండా ఉండాల్సింది."

"నర్సు ఉద్యోగం పోయేదే."

"పోనీ."

ఇంకో రెండు స్టాపులు వెళ్ళాయి.

"పోనీ అనకూడదులే" అంది.

అది నాతో మాట్లాడటం మానలేదు. అదొక్కటీ చెప్పుకోవాలి. ఉప్పు ఎక్కువైందంటుంది, మాత్ర వేసుకున్నావా అంటుంది. కానీ నా మాటకు మాట అడ్డం వేసి ఎగతాళి చేయడం మానేసింది. ఇంట్లో గరిటె కింద పడితే ముగ్గురం ఉలిక్కిపడుతున్నాం.

చిన్నదానికి మూడో నెల నిండేలోపు పేరు రాయించక తప్పలేదు. ముందురోజు నేను మనసులో ఒకటి అనుకున్నాను. ఒకప్పుడు మూడుని రెండు చేసిన నోరు, ఒకటిని మూడు చేయలేదా? చిన్నదాంతో చెప్పాను. "సీసా పట్టుకుని నువ్వటు వెళ్ళు. ఇటు నేను చూసుకుంటా." అది భయపడింది గాని కాదనలేదు. గడుగ్గాయి విని ఊరుకుంది. పొద్దున మాత్రం అడక్కుండానే చెప్పులేసుకుని మాతో బయల్దేరింది. క్లినిక్కు పై అంతస్తులో. దాని కాలికి ఆ మెట్లు పడవు. కింద బల్లమీద కూర్చుంటానంది.

అదే నర్సు. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ తనే లాగి వేసింది. "ఆ రోజు మీరు లేవకపోతే నేనివాళ ఈ కుర్చీలో ఉండేదాన్ని కాదు మామ్మగారూ" అంది. చిన్నదాని చేతికి సీసా ఇచ్చి పంపింది. పెన్ను తీసింది, కళ్ళజోడు జార్చింది.

"ఇంతకుముందు ఎన్ని పోయాయి?"

"మూడు" అన్నాను. ఈసారి నోరు బాగానే తిరిగింది.

నర్సు రాయలేదు. పెన్ను గడి మీద ఆనించి అలాగే పట్టుకుంది.

"కాగితాలున్నాయా?"

"కాగితాలేంటమ్మా?"

"ఒక్కోదానికీ ఆసుపత్రి కాగితం ఉండాలి. కొత్త ఉత్తర్వు. నోటిమాట మీద రాయొద్దన్నారు, తల్లిది గాని, ఇంటివాళ్ళది గాని." బల్ల సొరుగు లాగి చూపించింది. అచ్చు కాగితం, కింద ముద్ర. "కమిటీలో అంత జరిగాక పంపించారు."

నేను సభలో లేచి నిలబడ్డందుకు వచ్చింది అదొక్కటే. చట్టం రాలేదు గాని ఉత్తర్వు వచ్చింది.

"దాని అక్క సంగతి నీకు తెలుసుగా తల్లీ" అన్నాను. "నీ చేత్తోనే రాశావు."

"తెలుసు మామ్మగారూ. అక్కది రాయడానికి గడి లేదు."

చిన్నది సీసాతో తిరిగొచ్చింది. మా ముఖాలు చూసి దానికి అర్థమైపోయింది. సంచీలోంచి తన దగ్గరున్న ఒక్క కాగితం తీసి బల్లమీద పెట్టింది. నర్సు దాన్ని రెండుసార్లు చదివింది, ఎక్కడైనా ఇంకేమైనా దొరుకుతుందేమో అన్నట్టు. తర్వాత గడిలో ఒకటి వేసింది. వేశాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంకా రెండు కావాలమ్మా" అంది. చాలా మెత్తగా అంది.

చిన్నదాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. చల్లగా ఉంది ఆ చెయ్యి, తొట్టిలో నానబెట్టిన గుడ్డలా. కింద గడుగ్గాయి ఎడమకాలు బల్లమీద చాపుకుని, చెప్పు పక్కన పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి తలెత్తింది.

"ఏమంది?"

చిన్నదే చెప్పింది.

"ఇంకా రెండు కావాలంట."

గడుగ్గాయి వంగి చెప్పు వేసుకుంది. వాచిన పాదం పట్టీలోకి దూరడానికి కాస్త సేపు పట్టింది. లేచి నిలబడి, చిన్నదాన్ని తనకూ నాకూ మధ్యకు లాగింది. అలాగే ముగ్గురం రోడ్డు దాటాం.